గజం తగ్గిన తాడు

నేను ఒక కొబ్బరితాడును. తాడు అనగానే మీకు ఏ బావి గిలకో, ఏ గేదె మెడో గుర్తొచ్చి ఉంటుంది. మా చుట్టాల్లో ఆ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. నా ఉద్యోగం వేరు. అనకాపల్లి వైపు ఒక చిన్న టౌనులో, బెల్లం యార్డు గేటు పక్కన, నూకరత్నం కిళ్ళీకొట్టు గుంజకు వేలాడుతూ, కొసన చిటికెడు నిప్పు పెట్టుకుని ఉండటం చాలాకాలం నా పని. బీడీ కొన్నవాడూ సిగరెట్టు కొన్నవాడూ వచ్చి నా కొసను మూతి దగ్గరకు లాక్కుని ముట్టించుకుపోయేవారు. వాళ్ళ పొగకు నా ఒంట్లోంచి ఖర్చు. నా గొప్ప నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, చెప్పేవాళ్ళు లేక.

నేను పుట్టింది కొబ్బరితోటల ఉద్దానంలో. పీచు నానబెట్టి, కర్రలతో బాది, ఆడవాళ్ళు నన్ను పేనారు. పేనేటప్పుడు వాళ్ళకు ఎవరి కోడలి సంగతో నవ్వొచ్చి చేతులు సడలాయి. దాంతో నాలో ఒక పురి వదులుగా పడింది. వదులు పురి తాడు బావికి పనికిరాదు, కడవతో సహా లోపలికి పోతుంది. నిప్పుకు మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. అలా పేనినవాళ్ళ పరధ్యానం వల్ల నాకు ఈ ఉద్యోగం దొరికింది. నేను కాలి కురచనయ్యేసరికి నూకరత్నం పైన కొత్త ముక్క అతికేది. అందుచేత నా వయసెంతో నాకే సరిగ్గా తెలియదు. మీ మనుషుల్లోనూ వయసు అడిగితే తడబడేవాళ్ళు లేకపోలేదు.

నూకరత్నానికి భర్త పోయాక ఈ కొట్టు పెట్టించింది ఆమె అన్న పైడయ్య. అతను యార్డులో కళాసీ. అంటే బెల్లం దిమ్మలు బండి దించడం, కాటా మీద పెట్టడం, లారీ ఎక్కించడం. కొట్టు చెక్కలన్నీ తనే నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి, మేకులు కొట్టి, చెల్లెల్ని గల్లా దగ్గర కూర్చోబెట్టి, మొదటి బేరంగా ఒక బీడీ కట్ట కొన్నాడు. ముట్టించుకోవడానికి మొదట నా ముందు మెడ వంచింది కూడా అతనే.

మెడ వంచడమంటే గుర్తొచ్చింది. నాకు ఆ రోజుల్లో కొంచెం గర్వం ఉండేది. ఉండదా మరి? బెల్లం షావుకారు, బ్యాంకు ఆఫీసరు, స్కూటరు మీద వచ్చే పెద్దాసుపత్రి డాక్టరు, కానిస్టేబులు, జూనియర్ కాలేజీలో ఎకనామిక్సు చెప్పే నరసింగరావు మాస్టారు, వీళ్ళందరూ ఇంట్లో దేవుడి ముందు వంచారో లేదో గాని నా ముందు రోజుకు పదిసార్లు మెడలు వంచేవారు. పైడయ్య బీడీ ముట్టించుకున్న కొసతోనే మాస్టారు ఫిల్టరు సిగరెట్టు ముట్టించుకునేవారు. "చూశావా పైడయ్యా, నిప్పుకు ఎక్కువ తక్కువలు లేవు" అనేవారు. పైడయ్య "సిత్తం బాబూ" అని కొంచెం దూరంగా జరిగి నిలబడేవాడు. మాస్టారి సిగరెట్టుకు నీడలో బల్ల ఉండేది. పైడయ్య బీడీకి ఎండే గతి. అయినా సమానత్వం వచ్చేసిందనుకుని నేను మురిసిపోయేదాన్ని.

ఆ తరవాత సర్కారువారికి జనం ఊపిరితిత్తుల మీద దయ కలిగింది. పెట్టెల మీద జబ్బు బొమ్మలు వేయమన్నారు. సిగరెట్టు పెట్టె మీద ఆ బొమ్మ ఎంత బాగా పడిందంటే, షావుకారు దాన్ని చూసి మధ్యాహ్నం భోజనం మానేశాడు. బీడీ కట్ట సంగతి వేరు. కట్టకు చుట్టే పలచటి కాగితం మీద, అలుక్కుపోయిన రంగుల్లో, ఒక వాచిన దవడ పడింది. ఇక్కడొక చిక్కుంది. బీడీ కట్ట మీద కంపెనీ ఆసామి ఫోటో వేయడం పాత అలవాటు. కళాసీలందరికీ ఆయన మీసాలతో సహా పరిచయం. ఇప్పుడు ఆ చోట ఈ దవడ కనబడేసరికి వాళ్ళ గుండె జారిపోయింది.

"పాపం, ఆసామికి దవడ వాసిపోనాదిరా" అన్నాడు పైడయ్య కట్టను తిప్పి తిప్పి చూస్తూ.

"మరి వయసైపోనాది కాదేటి. వైద్దిగానికి బోలెడవుతాది" అన్నాడు ఇంకో కళాసీ.

"ఇలాటప్పుడే మనం ఆయన్ని ఒగ్గీకూడదు. రెండు కట్టలియ్యే నూకీ."

ఆ వారం బీడీల అమ్మకం పెరిగింది. మాస్టారు పగలబడి నవ్వి, "ఒరే, అది ఆసామి కాదయ్యా, బీడీ తాగితే నీకొచ్చే జబ్బు" అని చెప్పారు. పైడయ్య బొమ్మను మళ్ళీ ఒకసారి చూసి, "నాకేటి మాస్టారూ, ఆయనకి కదా వచ్చినాది" అన్నాడు. తాగినవాడికి చెప్పొచ్చు గాని జాలిపడ్డవాడికి చెప్పడం కష్టం.

తరవాత సిగరెట్టు మీద పన్ను పెరిగింది. ఆఫీసుల్లో, కాలేజీల్లో పొగ తాగరాదని బోర్డులు వేలాడాయి. నా ముందు వంగే మెడలు పైనుంచి ఒక్కొక్కటిగా మాయం కావడం మొదలైంది. ముందు డాక్టరు మానేశాడు. తరవాత బ్యాంకు ఆఫీసరు. షావుకారు కొడుకు పెన్నులాంటిదేదో నోట్లో పెట్టుకుని పళ్ళరసం వాసన వదులుతూ నన్ను పురుగును చూసినట్టు చూసి వెళ్ళేవాడు. యార్డు గుమాస్తా మాత్రం సిగరెట్టు ధర భరించలేక బీడీకి దిగాడు. అది ఎవరికీ కనబడకుండా అరచేతిలో దాచి తాగేవాడు. అరచెయ్యి అడ్డం పెట్టినంత మాత్రాన పొగ ఆగుతుందా!

నరసింగరావు మాస్టారు మానడమైతే ఒక పెళ్ళి చేసినంత హడావిడిగా జరిగింది. విశాఖపట్నంలో క్లినిక్కు. నమలడానికి బిళ్ళలు. జబ్బకు అంటించుకునే పట్టీ. పొద్దున్నే భార్యతో కలిసి నడక. నాలుక లాగితే నోట్లో వేసుకోవడానికి జేబులో జీడిపప్పు. కాలేజీవాళ్ళు రెండు వారాలు సెలవిచ్చారు. మానాక శాలువా కప్పారు. ఆ శాలువా వేడి తగ్గకముందే ఆయన కొట్టు దగ్గరకు వచ్చి, "మనసుంటే చాలు పైడయ్యా. మనసు గట్టి చేసుకోవాలి, అంతే" అని ఉపదేశం మొదలుపెట్టారు. జీడిపప్పు సంగతి మాత్రం ఎత్తలేదు.

చివరికి నాకు మిగిలింది కళాసీలు, ఆటోవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు. వీళ్ళు ఎందుకు మానలేదో నాకు తెలుసు, ఎందుకంటే యార్డు గేటు నాకు ఎదురుగానే ఉండేది. కళాసీకి మధ్యలో విశ్రాంతి అన్నది లేదు. ఊరికే కూర్చున్నవాడు పని దొంగ. అదే చేతిలో బీడీ ఉంటే వాడు బీడీ తాగుతున్నవాడు. బీడీ అయ్యేవరకు కళాసీల చేత పని చేయించే జోగినాయుడు మేస్త్రీ కూడా పలకరించడు, అది యార్డు మామూలు. అలవాటు లేకుండా పనిలో చేరినవాళ్ళు కూడా నెల తిరిగేసరికి నా దగ్గర మెడ వంచేవారు. వాళ్ళు పొగ కోసం రాలేదు, నడుం వాల్చడానికి వచ్చారు. బీడీ అంటే వాళ్ళకు కూర్చోవడానికి టిక్కెట్టు.

ఇంతలో కొట్టుకే గండం వచ్చింది. పక్క వీధిలో కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి ఒకటి వెలిసింది. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం. ఒక ఆఫీసరు బంట్రోతును వెంటబెట్టుకుని కొలవడానికి దిగాడు. అన్నీ తెచ్చుకున్నాడు గాని కొలిచే టేపు తెచ్చుకోలేదు. అటూ ఇటూ చూస్తే నేను కనబడ్డాను.

"ఈ తాడు ఎంతుంటుంది?" అన్నాడు. బంట్రోతు నన్ను ముక్కు దగ్గర పట్టుకుని, చెయ్యి చాచి, గజం గజంగా కొలిచి, "అయిదు గజాలండి" అన్నాడు. ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు. నిప్పు ఆర్పొద్దని నూకరత్నం బతిమాలింది, బేరం పోతుందని. సరే, నిప్పుతో సహా నన్ను రోడ్డు మీద పరిచి కొలిచారు. నా జన్మలో అంత దూరం నడిచింది అప్పుడే. మధ్యలో ఆఫీసరు ఫైలుకు నా కొస తగిలి చిన్న చిల్లు పడింది. బడి గేటు దగ్గరికి వెళ్ళేసరికి పద్దెనిమిది తాళ్ళు అయ్యాయి, అంటే తొంభై గజాలు. "కొట్టు తీసెయ్యాలి. మళ్ళీ వచ్చేసరికి ఇక్కడుండకూడదు" అని ఆయన వెళ్ళిపోయాడు.

నూకరత్నం దిగులుతో నాకు కొత్త ముక్క అతకడం కూడా మర్చిపోయింది. కొట్టు ఎక్కడికి జరుపుతుంది? అవతల షావుకారు గోడ, ఇవతల మురిక్కాలవ. ఆఫీసరు చెప్పినట్టే మళ్ళీ వచ్చాడు. టేపు మళ్ళీ తేలేదు. "ఆ అయిదు గజాల తాడుతోనే కొలు" అన్నాడు, కాగితం చూసుకుంటూ. అప్పటికి నేను ఒక గజం కాలిపోయి ఉన్నాను. ఆ సంగతి నాకు తెలుసు, నూకరత్నానికి తెలుసు. కాగితానికి తెలియదు. కొలిస్తే ఇరవై రెండు తాళ్ళు దాటింది. ఆఫీసరు లెక్క వేసి, వంద గజాలు దాటినందుకు ముచ్చటపడి, "చెప్పగానే జరిపేశావు. అందరూ నీలా ఉంటే మాకు పనే ఉండదమ్మా" అని మెచ్చుకున్నాడు. అంగుళం కదలని కొట్టులో కూర్చుని నూకరత్నం "సిత్తం బాబూ" అంది.

ఆ సాయంత్రం నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను. చట్టాన్నే పొడిగించిన తాడును! ఆ ముచ్చట మూన్నాళ్ళు కూడా నిలవలేదు.

పైడయ్య కుంటుతూ వచ్చాడు. కాలి చిటికెన వేలు నల్లబడింది. బెల్లం దిమ్మ పడిందేమోనని పసుపు కట్టుకుని తిరిగాడు. పసుపుకు తగ్గలేదు. నడిస్తే పిక్క పట్టేస్తోంది. నూకరత్నం తిట్టి పంపితే పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చి, బల్ల మీద కూలబడి చెప్పాడు. డాక్టరు, అదే ఒకప్పుడు స్కూటరు మీద వచ్చి నా ముందు వంగిన డాక్టరే, చూసి చెప్పాడట. బీడీ వల్ల కాలికి రక్తం వెళ్ళే దారి మూసుకుపోతోందట. మానితే కాలు నిలుస్తుంది. మానకపోతే వేలితో మొదలుపెట్టి మోకాలిదాకా తీయాలి.

"కొంచెం తగ్గిస్తే కొంచెం కాలుంటాదా బాబూ అనడిగినాను. నవ్వనేదు" అన్నాడు పైడయ్య.

నూకరత్నం నవ్వలేదు. కాలు లేని కళాసీని యార్డులో ఎవరు ఉంచుకుంటారు? అతని ఒంట్లో అమ్ముకోదగ్గవి ఆ రెండు కాళ్ళూ ఆ మెడా మాత్రమే. ఆమె నా వైపు చూసింది. "ఆఫీసరు కొలిసినప్పుడు ఓ గజం తగ్గినాదని మురిసిపోనాను. ఆ గజం ఎక్కడికి పోనాదో ఇప్పుడు తెలిసినాది" అంది. నాకు ఒంట్లో నిప్పున్నా చలి వేసింది.

ఆ రోజు నుంచి ఆమె అన్నకు బీడీ అమ్మలేదు. మాస్టారికి కబురంపితే ఆయన తను మానేటప్పుడు మిగిలిపోయిన బిళ్ళల అట్ట ఒకటి పట్టుకొచ్చి, "నాలుగు నములు నమిలి దవడకు ఆనించి ఉంచుకో" అని చెప్పారు. పైడయ్యకు దవడ అనగానే ఆ బీడీ ఆసామి గుర్తొచ్చి భయం వేసింది. దవడ జోలికి పోకుండా బిళ్ళను గుటుక్కున మింగేశాడు. ఆ మధ్యాహ్నమంతా ఎక్కిళ్ళు. నెత్తిన దిమ్మ, గొంతులో ఎక్కిళ్ళు. ప్రతి ఎక్కిలికీ దిమ్మ ఎగిరి పడుతుంటే యార్డంతా పని మానేసి చూసింది. "బీడీ తాగినట్టూ నేదు, కిళ్ళీ తిన్నట్టూ నేదు. ఇదేటి మాస్టారూ" అని అట్ట తిరిగిచ్చేశాడు. అలాంటి అట్ట ఇంకొకటి కొనాలంటే ఒక రోజు కూలి పోతుంది.

అయినా పైడయ్య మానాడు. కోపం వచ్చింది, దారిన పోయే గేదె మీద కూడా అరిచాడు, కానీ మానాడు. నేను కళ్ళారా చూశాను. అసలు గొడవ అక్కడే వచ్చింది. పని మధ్యలో కాలు నొప్పి పుట్టి గేటు దగ్గర కూర్చున్నాడు. జోగినాయుడు మేస్త్రీ వచ్చాడు.

"ఏటి పైడయ్యా, కూకున్నావు? సేతిలో బీడీ నేదు?"

"మానీసినాను మేస్త్రీ."

"మానీస్తే నెగు మరి. దిమ్మలెవుడు మోస్తాడు?"

పైడయ్య లేచాడు. మర్నాడూ అంతే. తాగుతున్నవాళ్ళు నీడలో కూర్చుని కాళ్ళు చాపుకుంటే, మానినవాడు ఎండలో మోశాడు. మూడో రోజు మధ్యాహ్నం కొట్టు దగ్గరకు వచ్చాడు. చెవి మీద ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన బీడీ. చెల్లెలి మొహం చూడకుండా నన్ను అందుకుని మెడ వంచాడు. కొస దగ్గరకు తెచ్చాడు. అతని ఊపిరి నాకు తగులుతోంది. జన్మంతా వెలగడమే నా పని గాని, ఆ ఒక్క క్షణం ఆరిపోతే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను. తాడు కోరుకుంటే నిప్పు ఆరుతుందా?

"అన్నా! డాక్టరు ఏటన్నాడు?" అంది నూకరత్నం.

"కాలు తీసేత్తానన్నాడు."

"మరి?"

"కూకోనివ్వట్నేదే నూకీ. తాగితే కాలు పోతాది. తాగకపోతే ఆ కాలికి కూకునే యోగం నేదు. ఏటి సెయ్యమంటావు?"

నూకరత్నం లేచి, నన్ను అన్న చేతిలోంచి లాక్కుంది. తమలపాకులు నానేసిన బకెట్లో ముంచేసింది. చుయ్యిమంది. అంతే, నా ఉద్యోగం అయిపోయింది. నీళ్ళు కారుతున్న నన్ను అలాగే గుంజ నుంచి ఊడబీక్కుని, కొట్టును దేవుడి మీద వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి యార్డులోకి నడిచింది. వెనక కుంటుకుంటూ పైడయ్య.

"మేస్త్రీ! ఇదిగో నీ బీడీ టైము. ఆర్పీసినాను. ఇప్పుడు సెప్పు, మా అన్న ఎప్పుడు కూకోవాల?"

జోగినాయుడు తెల్లబోయాడు. "నాకేటి తెల్దమ్మా. కూకోడానికి రూలు నేదు."

"పొగ తాగితే కూకోడానికి రూలున్నాదేటి?"

"అదంటే... మామూలు."

"అయితే ఇదీ మామూలు సెయ్యి. మా అన్న కాలు తీసేస్తే దిమ్మలు నువ్వు మోస్తావేటి? నీ నడుం సూస్తే నువ్వే ఓ దిమ్మ."

యార్డంతా గొల్లుమంది. కళాసీలు నెత్తి మీది దిమ్మలు దించి చుట్టూ చేరారు. ఒకడు కూర్చున్నాడు. చూసి ఇంకొకడు. కాసేపటికి అందరూ కూర్చున్నారు. చరిత్ర రాసేవాళ్ళు వీళ్ళంతా న్యాయం కోసం కూర్చున్నారని రాస్తారేమో. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, కొందరు న్యాయం కోసం కూర్చున్నారు, ఎక్కువమంది ముట్టించుకోవడానికి నిప్పు లేక కూర్చున్నారు. ఎలా కూర్చున్నా ఎవరూ లేవలేదు. ఎండ దిమ్మల మీద పడింది. బెల్లం చెమర్చింది. ఈగలు, ఆ వెనక చీమలు, చీమల వెనక షావుకారు పరిగెత్తుకుంటూ వచ్చారు. కరుగుతున్న బెల్లం ముందు షావుకారు మనసు ఎంతసేపు ఆగుతుంది? పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గంట కొట్టాలి, గంట కొడితే తాగేవాడూ తాగనివాడూ అందరూ కూర్చోవచ్చు అని ఒప్పుకున్నాడు.

గంట అంటే మరీ గుడిగంట ఊహించుకోకండి. యార్డు వెనక పడి ఉన్న రైలుపట్టా ముక్కను గేటు దూలానికి కట్టారు. కొట్టడానికి ఇనప గుండు ఒకటి దొరికింది. దాన్ని లాగడానికి తాడు కావాలి. పైడయ్య చెల్లెలి చేతిలోంచి నన్ను తీసుకున్నాడు. రెండు మూరలు ఉంచి మిగతాది కోసేసి, నల్లబడ్డ నా కొసను రాతి మీద రుద్ది, ముడి వేసి, నన్ను ఆ గుండుకు కట్టాడు.

పైడయ్య చిటికెన వేలు దక్కలేదు, అప్పటికే ఆలస్యమైంది. కాలు మాత్రం నిలిచింది. అంతా మారిపోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. గంట కొట్టాక చాలామంది కొత్తగా కొన్న అగ్గిపెట్టెలు తీస్తారు. ఒకరిద్దరు మానారు. నూకరత్నం బీడీలు అమ్ముతూనే ఉంది, అన్నకు తప్ప. పక్కన అంబలి కుండ పెట్టింది, దానికీ బేరం బాగానే ఉంది. మాస్టారు పైడయ్యను కాలేజీకి తీసుకెళ్ళి పిల్లలకు చూపించి, "మనసుంటే ఇలా మానొచ్చు" అని చెప్పారు. "మనసుందండి, కూకోడానికి సోటే నేకపోనాది" అన్నాడట పైడయ్య. పిల్లలు చప్పట్లు కొట్టారట.

మొన్న కొలత ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. టేపు తేలేదు. "ఆ అయిదు గజాల తాడేదమ్మా?" అన్నాడు. నూకరత్నం గేటు వైపు చూపించింది. రెండు మూరలున్న నన్ను ఆయన కింద నుంచి పైకి చూసి, కాగితం చూసుకుని, లెక్క వేసుకోబోయి, ఎందుకొచ్చిన గొడవ అనుకుని అంబలి తాగి వెళ్ళిపోయాడు. నాతో కొలిచి ఉంటే మా కొట్టు పక్క ఊళ్ళో తేలేది.

ఇప్పుడు నా ముందు ఎవరూ మెడ వంచడం లేదు. అలవాటు పడ్డ ప్రాణం, మొదట్లో కాస్త వెలితిగా ఉండేది. మధ్యాహ్నం పైడయ్య వచ్చి నన్ను రెండుసార్లు గట్టిగా లాగుతాడు. ఖంగుమంటుంది. తరవాత నా కిందే గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుతాడు. అతని చేతిలో ఏమీ ఉండదు. ఊరికే కూర్చుంటాడు. జోగినాయుడు మేస్త్రీ అటుగా నడిచి వెళ్తాడు, చూస్తాడు, లేవమనడు.